తిరగరాత

సన్యాసిరావు శవాన్ని ఇంటికి తెచ్చిన రోజున వరహాలు అందరిలాగే జనాన్ని తోసుకుంటూ వచ్చి, అందరిలాగే ఆత్రంగా అడిగాడు.

"ఏటయిపోనాది? మన సన్యాసికి ఏటయిపోనాది?"

గుమ్మంలో కూలబడి ఉన్న నూకరత్నం తలెత్తి మొగుణ్ని చూసింది. ఆమెకు నెలలు నిండవస్తున్నాయి. చనిపోయింది ఆమె ఒక్కగానొక్క తమ్ముడు. తమ్ముడిదీ మొగుడిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు, ఒకే షెడ్డు. ప్రమాదం జరిగినప్పుడు వరహాలు కూడా అక్కడే ఉన్నాడని కంపెనీ వాళ్లే ఫోన్లో చెప్పారు. ఇప్పుడా మనిషి కంపెనీ ఆసుపత్రి బండి దిగి, రెండు చేతులకూ కట్లతో నిలబడి, ఏమీ ఎరగనట్టు అడుగుతున్నాడు.

"నన్నడుగుతావేటి? నువ్వక్కడే ఉన్నావు కదా!" అని అరిచింది.

"నేనా?" వరహాలు తెల్లబోయాడు. "పొద్దున గేటు కాడ టోపీ పెట్టుకున్నాను. కళ్లు తెరిసేసరికి ఆసుపత్రి మంచం మీదున్నాను. మధ్యలో ఏటీ లేదు రత్నం."

చుట్టూ ఏడుపులు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆ కాలనీలో ఉన్నవాళ్లంతా ఫ్యాక్టరీ మనుషులే. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. వరహాలును తిరగరాసేశారు.

నీలాద్రి కెమికల్స్ సముద్రపు ఒడ్డున ఉంది. చాలా ఏళ్ల కిందట అక్కడ ఒక గ్యాసు లీకయింది. అది ఊపిరి తియ్యలేదు, జ్ఞాపకాలు తీసింది. అప్పన్న అనే ఆపరేటరు ఇంటికెళ్లి సొంత పెళ్లాన్ని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. అలాంటివాళ్ల కోసమే డాక్టర్ హైమవతి ఏళ్ల తరబడి కూర్చుని ఆ యంత్రం తయారుచేసింది. కంప్యూటరులో ఉన్నదాన్నంతా మరో డిస్కులోకి నకలు తీసి దాచుకుంటాం కదా, చెడిపోయినప్పుడు ఆ నకలును మళ్లీ ఎక్కించుకుంటాం. ఆమె మనిషి మెదడుకు అదే పని చేసింది. డ్యూటీకి వెళ్లే ప్రతివాడూ గేటు దగ్గర లోహపు టోపీ పెట్టుకుని, బీడీ ఒకటి కాల్చేంతసేపు కూర్చుంటాడు. నకలు తయారవుతుంది. లోపల బుర్ర పాడైతే పొద్దుటి నకలును తిరిగి రాస్తారు. మళ్లీ గ్యాసు లీకైనప్పుడు అలాగే బుర్ర పాడైన ఒక కార్మికుడు పొద్దుటి నకలుతో ఇంటికొచ్చి పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచిన రోజున ఆమె వెళ్లి హైమవతి కాళ్ల మీద పడింది. దసరా వస్తే కార్మికులు ఆ టోపీలకు పసుపు రాసి బొట్లు పెట్టేవారు.

కంపెనీ చెప్పిన కథ ఇది. సన్యాసిరావు తాగి డ్యూటీకొచ్చాడు. ఒక వాల్వుకు బదులు మరో వాల్వు తిప్పాడు. గ్యాసు నిండి నిప్పంటుకుంది. వాడు పోయాడు. ఆ గ్యాసు పీల్చిన ఆరుగురికీ మెదడు దెబ్బతింది కాబట్టి పొద్దుటి నకళ్లు రాసి కాపాడారు.

"నా కొడుకు కల్లు తాగుతాడు," అంది తల్లి అప్పలనరసమ్మ, వినేవాళ్లున్నా లేకపోయినా. "ఆదివారం తాగుతాడు. పండక్కి తాగుతాడు. డ్యూటీకెళ్లినప్పుడు ముట్టడు."

వినేవాళ్లు తక్కువే. పెద్దకార్యానికి కాలనీలో సగం మంది రాలేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ, విస్తరి ముందు కూర్చునే, "తప్పతాగి పదిమందిని చంపబోయాడు, మన అదృష్టం బాగుంది" అని పక్కావిడతో అంది. అప్పలనరసమ్మ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి లోపలికెళ్లి పడుకుంది. ఆ తర్వాత ఆమె మంచం దిగింది తక్కువ.

చేతుల కట్లు మార్పించడానికి మొగుణ్ని తీసుకుని వెళ్లినప్పుడు నూకరత్నం మొదటిసారి ఆ గాయాలు చూసింది. రెండు అరచేతుల మీదా అడ్డంగా, గీత గీసినట్టు, వేళ్ల మొదళ్ల కింద చర్మం లేచిపోయి ఉంది. కాలిన ఇనప కడ్డీని గట్టిగా పట్టుకుంటే అలా కాలుతుంది. పక్క బల్ల మీద అదే షిఫ్టు పోలిరాజు కూర్చుని ఉన్నాడు. అతని చేతులూ అలాగే ఉన్నాయి.

"గ్యాసు పీలిస్తే అరిసేతులు కాల్తాయా?" అని నర్సును అడిగింది.

నర్సు దూది మందులో ముంచుకుంది.

నూకరత్నం నిండు కడుపుతోనే ఫ్యాక్టరీకి వెళ్లింది. ప్లాంట్ మేనేజరు చక్రధర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, మెత్తగా మాట్లాడాడు.

"మీ ఆయన కళ్లముందే మీ తమ్ముడు అలా పోయాడమ్మా. ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం పీడించేది. అది లేకుండా చేశాం. నిజానికి మీరు సంతోషించాలి."

నూకరత్నం గ్లాసు ముట్టుకోలేదు.

"గ్యాసుకి బుర్ర పాడయిపోనాదని చెప్పినారు కదండీ మొన్న?"

"అదీ ఉంది..."

"పాడయిందని తిరగరాసినారా? చూసినాడని తిరగరాసినారా?"

చక్రధర్ ఫోను తీసుకుని అందులోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"నాకు రెంటిలో ఒకటి సెప్పండి. ఏదో ఒకటే సెప్పండి!"

సెక్యూరిటీ మనిషి వచ్చి ఆమెను, "రండమ్మా, మీరు ఒట్టి మనిషి కారు, రండి" అంటూ గేటు దాకా తీసుకొచ్చాడు. ఎండలో నిలబడి ఆ గేటు మీద చేత్తో కొట్టింది. లోపల టోపీల కోసం వరసలో నిలబడ్డవాళ్లు ఆమె వైపు చూసి, తల తిప్పుకున్నారు. అందరికీ ఉద్యోగాలు కావాలి.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది.

బిడ్డకు నీళ్లు పొయ్యాల్సిన అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. అందుకని వరహాలే నేర్చుకున్నాడు. చేతులు పూర్తిగా మానకముందే కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసేవాడు. పిల్ల ఏడిస్తే నూకరత్నం దగ్గర కన్నా అతని దగ్గరే ముందు ఊరుకునేది. బావమరిది గుర్తొచ్చినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కానీ ఆ ఏడుపు దూరపు చావు వార్త విన్నవాడి ఏడుపులా ఉండేది. అది చూస్తే నూకరత్నానికి ఒళ్లు మండేది. మొగుడి మీద కాదు, అతని ఏడుపును కూడా సగానికి కోసి ఇంటికి పంపించినవాళ్ల మీద.

హైమవతి నీలాద్రి ఉద్యోగం మానేసిందనీ, విశాఖపట్నంలో తను మొదట ప్రయోగాలు చేసిన ల్యాబుకే తిరిగి వెళ్లిపోయిందనీ పోలిరాజు పెళ్లాం చెప్పింది. నూకరత్నం మొగుడికి చెప్పకుండా, పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది.

పాత భవనం మేడమీద, మొదటి టోపీ ఇంకా కుర్చీకి వేలాడుతూ ఉన్న గదిలో హైమవతి కనిపించింది. తల నెరిసిన మనిషి. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"సన్యాసిరావు అక్కను," అంది నూకరత్నం. "మీ మిషను నా తమ్ముణ్ని తాగుబోతును చేసింది. నా మొగుణ్ని గుడ్డోణ్ని చేసింది. దీనికి పసుపు రాసి పూజలు చేసినాం మేము!"

హైమవతి ఆమెను ఆపలేదు. అన్నీ అననిచ్చి, అప్పుడు చెప్పింది.

"ఆరుగురిలో ఒక్కరి మెదడుకు కూడా ఏమీ కాలేదు. పరీక్షలు నేనే చేశాను. తిరగరాయడానికి వీల్లేదని చెప్పి ఇంటికి వెళ్లాను. నేను వెళ్లేదాకా ఆగి, నా కింద పనిచేసేవాళ్ల చేత రాయించారు."

"మరి నోరు మూసుకుని కూకున్నారేటి?"

"ఒక్క సంగతి తేలేదాకా." హైమవతి బీరువా తెరిచి, అరచేయంత పెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది. "పాతది ఎక్కించే ముందు, తలలో అప్పటికి ఏముందో దాన్ని కూడా ఒక నకలు తీసి పక్కన పెట్టాలి. పొరపాటున తప్పు నకలు ఎక్కిస్తే వెనక్కి రావడానికి దారి ఉండాలి కదా. నా యంత్రం అది అడక్కుండానే చేస్తుంది. చెరిపేయమని నాకు హుకుం వచ్చింది. చెరపకుండా పట్టుకొచ్చేశాను. చెడిపోకుండా ఉన్నాయా లేదా అన్నది నిన్నటికి తేలింది. ఆరూ బాగానే ఉన్నాయి. మీ ఆయన ఆ రోజు చూసిందంతా ఇందులో ఉంది."

నూకరత్నం పెట్టె మీదికి వంగింది. "అయితే ఎక్కించీయండి!"

"ఎక్కిస్తే ఆ రోజు దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ తర్వాతదంతా పోతుంది. రెండూ కలిపి ఒక తలలో పెట్టడం నాకు చేతకాదు. ఎవరికీ చేతకాదు."

చంకలో పిల్ల కదిలింది. నూకరత్నం దాన్ని భుజం మీదికి మార్చుకుంది.

ఇంటికొచ్చి ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ అతను పిల్లకు నూనె రాస్తూనో, పిల్ల పక్కన కునుకుతూనో కనిపించేవాడు. రోజులు గడిచాయి. ఒక సాయంత్రం అప్పలనరసమ్మ నీళ్లకని బయటికెళ్లి, కుళాయి దగ్గర ఎవరో ఏదో అంటే ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆ బిందె చూశాక నూకరత్నం ఇక దాచలేకపోయింది. మొత్తం చెప్పేసింది.

వరహాలు మొదట నమ్మలేదు. నమ్మాక లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న... పోయిన్నెల..."

"ఇన్నాళ్లూ నాకు సెప్పలేదా?"

"పిల్లని మర్చిపోతావని భయమేసింది."

"ఆ చక్రధరూ ఇదే అన్నాడు కదే! నాకు బాధ లేకుండా చేసినానని! నువ్వూ అదే చేసినావు!" పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. వరహాలు గొంతు తగ్గించుకోలేదు. "నా బుర్రలో ఏటుండాలో ఊరందరూ తేలుస్తన్నారు. నన్నడిగినోడు ఒక్కడు లేడు. నా సేతులు సూడు. ఏం పట్టుకుంటే ఇలా కాలిపోనాయో నాకు తెలీదు. ఎవడి కోసం పట్టుకున్నానో తెలీదు. నా ఒంటి మీద దెబ్బ ఎలాగ తగిలిందో ఇంకోడు సెప్పాలి నాకు!"

నూకరత్నం తల వంచుకుంది.

మర్నాడు అతనే అన్నాడు, "ఎక్కించుకుంటాను" అని. బయలుదేరే రోజున పిల్లకు నీళ్లు పోసి, పౌడరు రాసి, నుదుటి మీద చుక్క పెట్టి, ఎత్తుకుని వీధిలో అటూ ఇటూ తిరిగాడు. బస్సులో భార్యతో ఒక్క మాటే అన్నాడు.

"నేను లేచినాక పిల్లని ఎంటనే చూపించకు. ముందు సన్యాసి కోసం ఏడవనియ్యి."

టోపీ తీశాక వరహాలు కళ్లు తెరవకముందే చేతులు లేచాయి. గాలిలో దేన్నో పట్టుకుని లాగుతున్నాయి.

"తలుపు తియ్యండిరా! లోపల ఉన్నాడు! తలుపు తియ్యండి!"

హైమవతి, నూకరత్నం చెరో భుజం పట్టుకున్నారు. ఆ బలానికి ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. "పిలస్తన్నాడు, బావా అని పిలస్తన్నాడు, వినబడ్డం లేదా మీకు!" అని గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు గది దాటి, వరండా దాటి, కింద మెట్ల దాకా వెళ్లింది. ఈసారి అది సగం ఏడుపు కాదు. నూకరత్నం అతన్ని పట్టుకుని తానూ ఏడ్చింది. తమ్ముడు పోయిన ఇన్నాళ్లకు తనతో కలిసి ఏడ్చే తోడు దొరికినట్టయింది.

కాస్త నెమ్మదించాక వరహాలు ఆమె మొహం చూశాడు. తర్వాత చూపు కిందికి దిగింది. మొహం పాలిపోయింది.

"రత్నం, కడుపేదే? బిడ్డకేటయింది?"

ఏం కాలేదనీ, పుట్టిందనీ, ఆడపిల్లనీ, పక్క గదిలో నిద్రపోతోందనీ చెప్పింది. అతను వినిపించుకున్నాడో లేదో తెలియలేదు. పిల్లను తెచ్చి చూపిస్తే ఎవరి పిల్లనో చూసినట్టు చూశాడు. చేతులు చాపలేదు.

ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందు వరహాలు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పొద్దుటి నుంచీ ప్రెషరు పెరుగుతోంది. ఆపమని సన్యాసిరావే కంట్రోల్ రూముకు పదేపదే చెప్పాడు. సరుకు సగంలో ఉంది, ఆపొద్దని చక్రధర్ మైకులో అన్నాడు. ఇక లాభం లేదని సన్యాసిరావు వాల్వును చేత్తో మూసేయడానికి లోపలికి పరుగెత్తాడు. నిప్పంటుకుంది. మరుక్షణం కంట్రోల్ రూములో ఎవరో మీట నొక్కారు, వాడు లోపల ఉండగానే ఇనప తలుపు మూసుకుపోయింది.

"మేం ఆరుగురం కడ్డీ పట్టుకుని లాగినాం. మైకులో ఇదే మేనేజరు గొంతు, 'తలుపు తెరవద్దు, సరుకు గోడౌను పక్కనే ఉంది' అని. లోపల ఆడు పిలస్తన్నాడు. మేం లాగతన్నాం. కడ్డీ కాలిపోతంది. తర్వాత ఆడు పిలవడం మానేసినాడు."

కంపెనీ వకీలు నిదానంగా లేచాడు. యంత్రంలోంచి తలలోకి ఎక్కించిన జ్ఞాపకం సాక్ష్యం ఎలా అవుతుందని అడిగాడు. ఉద్యోగం వదిలేసిన డాక్టరు అందులో ఏదైనా రాసి ఉండొచ్చన్నాడు. సంఘం అధ్యక్షుడు, రిటైరైన జడ్జి, తలాడించాడు.

"తిరగరాసిన జ్ఞాపకాన్ని మేం సాక్ష్యంగా తీసుకోలేం."

వెనక బల్ల మీద నుంచి నూకరత్నం లేచింది. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మొన్న మిగిలిన అయిదుగురినీ పిలిపించి అడిగినారు. మేం ఏటీ చూడలేదని సెప్పినారు ఆళ్లు. అది రాసుకున్నారు మీరు. ఆళ్ల బుర్రలు ఎవరు రాసినారు? కంపెనీ కాదా? కంపెనీ తిరగరాస్తే సాక్ష్యం, మేం ఎక్కించుకుంటే అబద్ధమా? కొట్టీయండి. మా ఆయన మాట కొట్టీయండి. ఆ అయిదుగురి మాటా కొట్టీయండి. అప్పుడు నా తమ్ముడు తాగినాడని సెప్పడానికి మీ కాడ ఏటి మిగుల్తాదో సూపించండి!"

పోలీసు ఒకాయన ఆమె వైపు రెండడుగులు వేశాడు. అధ్యక్షుడు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. తన ముందున్న కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. చివరికి మీట ఎవరు నొక్కారో, మైకులో ఎవరు మాట్లాడారో కంట్రోల్ రూములోని యంత్రాలన్నీ సీలు చేసి తేల్చమన్నాడు. విచారణ వాయిదా పడింది.

అది విని పోలిరాజు హైమవతి దగ్గరికి వెళ్లాడు. అతని వెనక మరో ఇద్దరు వెళ్లారు. మిగిలిన ఇద్దరూ మాకొద్దన్నారు. "పిల్లలున్నారు, ఆ కేకలు బుర్రలో పెట్టుకుని నేను బతకలేను" అని ఒకతను వరహాలు చేతులు పట్టుకుని చెప్పాడు. వరహాలు అతన్ని తప్పుపట్టలేదు. నీ ఇష్టం, అన్నాడు అంతే. నలుగురి మాటలూ, సీలు చేసిన యంత్రాల్లో దొరికిన గొంతూ ఒక్కటే చెప్పాయి. చక్రధర్‌ను అరెస్టు చేశారు. బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు నడుస్తోంది, ఇంకా ఏళ్లు నడుస్తుంది. సన్యాసిరావు తాగి లేడని మాత్రం సంఘం రాతపూర్వకంగా ప్రకటించింది. ఆ రోజున అప్పలనరసమ్మ మంచం దిగి, పట్టపగలు, కాలనీ మధ్యగా నడిచి, పెద్దకార్యం నాడు ఆ మాటన్నావిడ గుమ్మం ముందు నిలబడింది. ఏమీ అనలేదు. ఆవిడ బయటికొచ్చి ఏడ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

ఇంట్లో మాత్రం పిల్ల తండ్రి దగ్గరికి వెళ్లడం మానేసింది. వరహాలు ఎత్తుకుంటే బిర్రబిగుసుకుని ఏడ్చేది. అతను భయపడి దింపేసేవాడు.

సాక్ష్యాలన్నీ ముగిశాక హైమవతి ఇద్దర్నీ రమ్మని కబురు చేసింది.

"నీ మాట ఇప్పుడు నమోదైపోయింది వరహాలూ. మొన్న ఎక్కించే ముందు ఉన్న నకలు కూడా నా దగ్గర భద్రంగా ఉంది. పాప పుట్టాక నువ్వు గడిపిన రోజులన్నీ అందులో ఉన్నాయి. కావాలంటే తిరిగి పెడతాను. ఆ తలుపు, ఆ కేకలు పోతాయి."

నూకరత్నం మొగుడి చెయ్యి పట్టుకుంది. "పెట్టించుకో," అంది. "నువ్వు చెయ్యాల్సింది చేసీసినావు. ఇంక చాలు."

వరహాలు తల అడ్డంగా ఊపాడు. "ఆ పిలుపు విన్నోణ్ని నేను. రేపు కోర్టులో మళ్లీ అడుగుతారు, మళ్లీ సెప్పాలి. అడక్కపోయినా సరే. ఆడి ఆఖరి మాట ఇంకెక్కడా లేదు, నా కాడే ఉంది. దాన్ని పారెయ్యను."

"మరి నేను?" నూకరత్నానికి కోపం ముంచుకొచ్చింది. "నువ్వు పిల్లకి నీళ్లు పోసిన రోజులు, నేను పురుట్లో పడున్నప్పుడు నువ్వు చేసిందంతా, అవి నీ ఒక్కడివేనా? అవి నావి కూడా! నేను దాన్నంతా ఒక్కదాన్నీ మొయ్యాలా?"

వరహాలు హైమవతి వైపు తిరిగాడు. "నాకు ఎక్కించొద్దు. ఆ నకలేం చెయ్యాలో రత్నాన్నే అడగండి. అది సెప్పినట్టే చెయ్యండి."

నూకరత్నం బల్ల మీదున్న పెట్టె వైపు చూసింది. పిల్లను కాళ్ల మీద వేసుకుని నవ్విన మనిషి అందులో ఉన్నాడు. ఉంచమంటే ఉంటాడు. ఎప్పుడైనా, ఎవరైనా, మళ్లీ ఎక్కించేదాకా ఉంటాడు.

"చెరిపీయండి," అంది. "ఇంక మా ఆయన బుర్ర మీద ఎవడూ చెయ్యి పెట్టకూడదు. నేను కూడా."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. పిల్ల ఆమె ఒళ్లో నిద్రపోతోంది. గాజువాక దాటాక నూకరత్నం కిటికీలోంచి బయటికే చూస్తూ, ఇంకా కోపంగానే, మొదలుపెట్టింది.

"నొప్పులొచ్చిన రోజు ఆటో దొరకలేదు. నువ్వు రోడ్డు మీదికి పరుగెత్తి కొబ్బరిబోండాల వేనుని ఆపినావు. బోండాల మజ్జిన కూకోబెట్టి తీసుకెళ్లినావు నన్ను. దార్లో ప్రతి గొయ్యికీ డ్రైవర్ని తిట్టినావు."

వరహాలు ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆడేమన్నాడు?"